ఫిల్మ్ అంచున వేలు

“శవం పళ్ళూ, డాక్టరిచ్చిన ఎక్స్‌రే ఫిల్మూ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఇంకా మీకేం కావాలి మేడమ్?” అన్నాడు ఇన్‌స్పెక్టరు, జీపులోంచి కాలు కింద పెడుతూనే.

“ఆ ఫిల్మ్ కావాలి.”

“ఫోటో ఇచ్చాం కదా.”

“ఫోటో ఇచ్చారు. ఫిల్మ్ ఇవ్వలేదు.”

ఆయన నన్ను ఎప్పుడూ చెప్పులో దూరిన రాయిని చూసినట్టు చూస్తాడు. నాకూ ఆయనంటే అంతే ప్రేమ. ఇంతకుముందు రెండు కేసుల్లో ఆయన తాళం వేసుకుని ఇంటికెళ్ళాక నేను మళ్ళీ తలుపు తెరిపించాను. ఆ కోపం ఇంకా ఆయన మీసాల్లోనే ఉంది. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోకముందు నేను చాలా ఏళ్ళు పళ్ళ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీశాను. అందుకని నాకు ‘పళ్ళమ్మ’ అని స్టేషనంతటా పేరు పెట్టింది కూడా ఈయనే. పేరు బాగానే ఉంది, నేనేమీ అనుకోలేదు.

కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. పోయిన వారం ఒక ప్రింటింగ్ ప్రెస్ వెనక ఉన్న కాగితాల గోడౌను కాలిపోయింది. బూడిదలో ఒక మగమనిషి శవం దొరికింది. మొహం లేదు, ఒంటి మీద గుర్తుల్లేవు, మిగిలింది పళ్ళే. ఆ రోజునుంచే ప్రెస్ ఓనరు కనబడటం లేదు. ఆయన పళ్ళు చూసే డాక్టరు చిన్ననాటి స్నేహితుడు కూడా. తన దగ్గరున్న పాత ఎక్స్‌రే తనే తెచ్చి పోలీసులకిచ్చాడు. శవానికి తీసిన ఎక్స్‌రేతో అది సరిపోయింది. కాబట్టి పోయింది ఓనరే. ముందురోజు ప్రెస్సులో వాటా గురించి పనివాళ్ళందరి ఎదుటా అన్న మీద కేకలేసింది తమ్ముడు. కాబట్టి చంపింది తమ్ముడే. రెండు ‘కాబట్టి’లతో ఇన్‌స్పెక్టరు తమ్ముణ్ణి లాకప్పులో వేసి, కేసు ముగించి చేతులు దులుపుకున్నాడు.

ఆ తమ్ముడి భార్యే నన్ను పెట్టుకుంది. ఇప్పుడు నా పక్కనే, చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది. సన్నటి మనిషి, ప్రెస్సులోనే బైండింగు పని చేస్తుంది. మొదటిసారి నా దగ్గరికొచ్చినప్పుడు ఏడవలేదు. “అక్కా, మా ఆయనకి కోపమొస్తే గిన్నెలు విసురుతాడు. మనుషుల్ని కాల్చడు,” అంది. ఆ మాట నాకు నచ్చింది. కేసు ఒప్పుకున్నాను.

ఈ రోజు నాలుగింటికి శవాన్ని ఓనరు భార్యకు అప్పగిస్తారు. ఆవిడ వెంటనే దహనం చేయించడానికి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. ఓనరు బీమా డబ్బు వచ్చేది కూడా ఆవిడకే. ఆ పళ్ళు కూడా బూడిదైపోతే, ఈ పిల్ల మొగుడు నిర్దోషి అని చెప్పడానికి లోకంలో ఏమీ మిగలదు. అప్పటికే రెండు దాటింది.

“ఈవిడెందుకు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు గడ్డంతో ఆ పిల్లని చూపిస్తూ.

“ప్రెస్సు సంగతులు నాకు తెలియవు, తనకి తెలుసు.”

“నాకూ తెలుసు.”

“మీకు తెలిసింది ముగించడం.”

ఆయన మూతి ముడుచుకుని ముందు నడిచాడు. క్లినిక్ మేడ మీద. మెట్లు రోడ్డు వైపు కాకుండా పక్క సందులోంచి ఉన్నాయి. మెట్లెక్కుతూ ఆ పిల్లని, గోడౌను తాళాలు ఎవరెవరి దగ్గర ఉండేవో ఇంకోసారి చెప్పమన్నాను.

“మా ఆయన దగ్గర ఒకటి, బావగారి దగ్గర ఒకటి, బైండింగు బాబాయి దగ్గర ఒకటి.”

“బాబాయి అంటే సొంత బాబాయా?”

“కాదక్కా, వరస కలిపి పిలిచేదాన్ని. నాకు సూది పట్టుకోవడం నేర్పిందే ఆయన. గోడౌను కాలక ముందే వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో మంచి పని దొరికిందట, బావగారు చెప్పారు.” చెంగు మళ్ళీ వేలికి చుట్టుకుంది. “నాకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు. సొంత కూతురిలా చూస్తున్నాడనుకున్నాను.”

ఆ మాటలో కోపం కంటే చిన్నబోవడమే ఎక్కువ వినబడింది.

తలుపు మీద ‘స్నేహితుని మరణం కారణంగా క్లినిక్ మూసివేయబడినది’ అని అట్ట వేలాడుతోంది. తలుపు తీసిన డాక్టరు లావుపాటి, మెత్తటి మనిషి. మాట చాలా నిదానం. ఎదుటివాళ్ళ నోళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంటాయి కాబట్టి జవాబు వినే అలవాటు అంతగా ఉన్నట్టు లేదు.

“వారంనుంచి ఇటు రాలేదు. ఇందాక ఇన్‌స్పెక్టరుగారు ఫోన్ చేస్తే ఇంటినుంచి పరుగెత్తుకొచ్చాను,” అన్నాడు, ఎవరూ అడగకుండానే.

ఇన్‌స్పెక్టరు అక్కడే కుర్చీ లాక్కుని డ్రైవరుకి ఫోన్ చేశాడు. “నువ్వు జీపు తీసుకుని మార్చురీకి పో. అప్పగింత కాగితాలు సిద్ధం చేయించు. నేను వెనకాలే వస్తా.” కింద రోడ్డు మీద జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. నా వైపు తిరిగి, “మీకు ఇక్కడ ఎంతసేపు కావాలో అంతసేపూ చూసుకోండి. నాలుగు మాత్రం దాటదు,” అన్నాడు.

నేను గది చూడటం మొదలుపెట్టాను. మధ్యలో పేషెంటు కుర్చీ, వెనక్కి వాల్చి ఉంది. దాని పక్కన ఉమ్మే గిన్నె. గిన్నె అంచున నీటి చుక్కలు ఇంకా ఆరలేదు. సామాన్లు పెట్టే పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. కాస్త ఎత్తి చూశాను. నలిగిన దూదిచుట్ట, దానికి లేత ఎరుపు తడి. పక్కనే మత్తు ఇంజక్షను సూది తొడుగు.

“వారంనుంచి రాలేదన్నారు?”

“ఇందాకే కడిగాను మేడమ్. ధూళి పట్టింది.”

“దూదికి కూడా ధూళి పట్టిందా?”

ఆయన గుడ్డ మళ్ళీ కప్పేశాడు. ఇన్‌స్పెక్టరు విసుగ్గా గడియారం చూసుకున్నాడు. నేను డార్క్‌రూము తలుపు తోశాను. నాకు బాగా అలవాటైన వాసన, ఫిల్మ్ కడిగే మందులు, డెవలపరూ ఫిక్సరూ కలిసిన ఘాటు. ఎర్ర దీపం, మూడు చిన్న తొట్లు. పైన తీగకి క్లిప్పుతో ఒకే ఒక ఫిల్మ్ వేలాడుతోంది. దాని మూలనుంచి నా కళ్ళ ముందే ఒక చుక్క జారి తొట్టిలో పడింది.

బయటి వెలుతురుకి ఎత్తి చూశాను. కింది దవడ పన్ను. వేరు లోపల సన్నటి తీగలాంటి పరికరం నిలబడి ఉంది. అంటే పన్ను నరం తీసే పని నడుస్తుండగా, ఎంత లోతుకి వెళ్ళామో చూసుకోవడానికి తీసిన ఎక్స్‌రే. పని మాత్రం సగంలోనే ఉంది.

“ఇదెవరిది?”

“పాత పేషెంటుది. సరిగ్గా కడగలేదని మళ్ళీ నీళ్ళలో వేశాను.”

“పాపం, ఆ పేషెంటు పన్ను సగంలో వదిలేశారే.”

“మేడమ్, మీరు వచ్చింది మా వాడి ఫిల్మ్ కోసం కదా,” అని డాక్టరు చల్లగా గుర్తుచేశాడు. మనిషి చల్లగానే ఉన్నాడు, పైపెదవి మీద మాత్రం చెమట పట్టింది. తడి ఫిల్మ్ సంగతి మనసులో ఒక మూల పెట్టుకుని బయటికొచ్చాను.

ఓనరు ఫిల్మ్ ఒక నల్లటి అట్టలో అమర్చి ఉంది. అట్టకి చిన్న కిటికీ, కిటికీలో ఫిల్మ్. పైన ఓనరు పేరు, కిందటేడాది తేదీ. దీపప్పెట్టె మీద పెట్టి స్విచ్ వేశాను.

ఎక్స్‌రే అంటే నీడల లెక్క. కిరణాలు మెత్తటి కండలోంచి దాటిపోతాయి, అక్కడ ఫిల్మ్ నల్లబడుతుంది. పన్నూ ఎముకా కొంత అడ్డుకుంటాయి, అక్కడ బూడిదరంగు తేలుతుంది. లోహం అసలు దాటనివ్వదు, అక్కడ తెల్లగా మిగిలిపోతుంది. ఈ ఫిల్మ్‌లో కుడివైపు కింది దవడ పళ్ళు ఉన్నాయి. చివరి దానికి ముందు పన్నులో వెండి నింపిన చోటు తెల్లటి మచ్చ. దాని పక్క పన్ను వేరు కొస వంకర తిరిగి ఉంది. శవానికి తీసిన ఎక్స్‌రేలో కూడా అదే మచ్చ, అదే వంకర. ఆ సంగతిలో నాకు ఇన్‌స్పెక్టరుతో పేచీ లేదు. ఈ ఫిల్మ్ ఆ శవానిదే.

“ఒప్పుకున్నారు కదా, పదండి,” అన్నాడాయన లేస్తూ.

“ఫిల్మ్ శవానికి సరిపోయిందా అని మీరంతా చూశారు. ఫిల్మ్ ఓనరుకి సరిపోయిందా అని ఎవరైనా చూశారా?”

“పేరు రాసుంది.”

“పేరు అట్ట మీద రాసుంది. పన్ను మీద రాసి లేదు.”

అట్టని దగ్గరికి తెచ్చుకుని చూశాను. కిటికీకి మూడు పక్కలా ఫిల్మ్ అంచు కనబడుతోంది. కింద పక్క మాత్రం నల్లటి కాగితం టేపు అంటించి ఉంది. పోలీసులకు ఇచ్చిన ఫోటో కూడా సరిగ్గా ఆ టేపు దగ్గరే తెగింది.

“ఈ టేపు ఎందుకు డాక్టరుగారూ?”

“కింద కాస్త పాడయింది. మందు మరక.”

“నేను తీసిన వాటిల్లో మరకలు పడనిది ఒక్కటీ లేదు. ఎప్పుడూ టేపు వేసి దాచలేదు.”

ఆయన చెయ్యి చాపేలోపే గోటితో టేపు లాగేశాను. అంటించి ఏడాదైన టేపు ఎండిపోయి పెచ్చులుగా ఊడుతుంది. ఇది జిగురుజిగురుగా సాగి వచ్చింది. ఫిల్మ్‌ని అట్టలోంచి బయటికి తీసి, ఒట్టిదాన్ని దీపం మీద పెట్టాను.

పళ్ళ వేర్ల కొసలకి దిగువన, ఫిల్మ్ అంచు వెంబడి అడ్డంగా ఇంకో నీడ పడుకుని ఉంది. రెండు చిన్న ఎముకలు, మధ్యన కీలు. కొస ఎముక చివర కాస్త వెడల్పుగా విచ్చుకుని ఉంది. దాని చుట్టూ కండ నీడ పల్చగా ఉంది.

“ఇదేంటి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు నా భుజం మీదుగా వంగి.

“వేలు.”

“నోట్లో వేలెందుకు?”

ఫోటో కింద పక్క తెగి ఉండటం చూసినప్పటినుంచీ ఆ ప్రశ్న కోసమే నేను కాచుకుని ఉన్నాను. “ఇలాంటి చిన్న క్లినిక్కుల్లో ఫిల్మ్‌ని నోట్లో పెట్టి, పేషెంటునే తన వేలితో అదిమిపెట్టుకోమంటారు. కుడివైపు కింది పళ్ళకి ఎడమచేతి చూపుడువేలు వాడతారు. వేలు ఫిల్మ్‌కి వెనక ఉండాలి. జారి ముందుకొచ్చిందంటే పళ్ళతోపాటు వేలి ఎముక కూడా ఫిల్మ్ మీద పడుతుంది. మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ ఒకసారైనా చేసే తప్పే ఇది. మేం నవ్వుకుని, ఆ ఫిల్మ్ పారేసి ఇంకోటి తీసేవాళ్ళం.”

“సరే, ఓనరు వేలు పడింది. అయితే ఏంటి?”

నేను ఆ పిల్ల వైపు చూశాను. “మీ బావగారిని ప్రెస్సులో ఏమని పిలుస్తారు?”

ఆమె సిగ్గుపడింది. “చాటుగా పిలిచేదక్కా. తొమ్మిదిన్నర.”

“ఎందుకు?”

“కాగితాలు కోసే మిషన్లో వేలు పోయింది. ఎడమచేతి చూపుడువేలు, పై కణుపు దాకా.”

ఇన్‌స్పెక్టరు మళ్ళీ ఫిల్మ్ మీదికి వంగాడు. అక్కడ పై కణుపు నిక్షేపంలా ఉంది, గోటి కింద ఎముకతో సహా.

“ఇంకో సంగతి. గోడౌనులో శవం కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని అలాగే ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఇనుప ర్యాకు కింద పడి పొడిపొడి అయింది. నిప్పుకి కుడి ఎడమ తేడా ఎవరు చెప్పారో మరి.”

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “దీనికింత రాద్ధాంతం అక్కర్లేదు. అది నా వేలు. వాడికి వాంతి వస్తుంటే నేనే పట్టుకున్నాను.”

“క్లినిక్‌లో పనిచేసేవాళ్ళు ఎవరూ ఫిల్మ్ పట్టుకోకూడదు. మొదటిరోజు నేర్పే పాఠం ఇది. రోజూ ఆ కిరణాలు తగిలితే వేళ్ళు కుళ్ళిపోతాయి. మీకు తెలియదా?”

“స్నేహితుడు కదా అని పట్టుకున్నాను.”

ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఆయనలో నాకు నచ్చే గుణం ఒకటుంది, ఓడిపోతున్నప్పుడు బుర్ర ఇంకా బాగా పనిచేస్తుంది. “ఆగండి మేడమ్. చూపుడువేలు సగమే ఉన్నవాడు దాంతో ఎందుకు పట్టుకుంటాడు? మధ్యవేలితో పట్టుకుని ఉంటాడు. మధ్యవేలికి పై కణుపు ఉంటుంది కదా. మీ కథ అక్కడితో సరి.”

నిజమే. ఆ మాట నాకు తట్టలేదు.

“అవునవును, మధ్యవేలే,” అన్నాడు డాక్టరు వెంటనే. “నాకిప్పుడు గుర్తొచ్చింది. వాడే మధ్యవేలితో పట్టుకున్నాడు.”

ఇన్‌స్పెక్టరు మెల్లగా డాక్టరు వైపు తిరిగాడు.

“ఇప్పుడేగా మీ వేలన్నారు?”

“అంటే... మొదట నేను పట్టుకున్నాను. తరవాత వాడు.”

“ఒక ఫిల్మ్‌కి ఎంతమంది డాక్టరుగారూ? ఇదేమన్నా తాడు లాగుడు పోటీనా?”

ఆ ఒక్క ఎత్తిపొడుపుతో ఆయన నా వైపు ఒక అడుగు జరిగాడు. అంతవరకే. సాక్ష్యం లేకుండా రెండో అడుగు వెయ్యడు. నేను సంచీలోంచి భూతద్దం తీసి వేలి నీడ మీద పెట్టాను. ఇంత దూరం వచ్చి వట్టి చేతుల్తో మెట్లు దిగే ఉద్దేశం నాకు లేదు. అంచునుంచి అంచుకి నూలుపోగు వెతికినట్టు వెతికాను.

కొస ఎముక పక్కన, కండలో, వడ్లగింజలో సగం ఉంటుందేమో, ఒక సన్నటి గీత. ఒక చివర మొనదేలి ఉంది, ఇంకో చివర విరిగినట్టు మొండిగా ఉంది. పంటిలో నింపిన వెండి ఎంత తెల్లగా ఉందో అదీ అంత తెల్లగా ఉంది.

“లోహం,” అన్నాను.

డాక్టరు వంగి చూశాడు. “గీత అది. ఫిల్మ్ మీద గీసుకుపోయింది. గీసుకుపోతే మందుపూత లేచిపోయి తెల్లగానే కనబడుతుంది, మీకు తెలుసు కదా.”

“తెలుసు.” ఆయన చెప్పింది అబద్ధం కాదు, అలా జరుగుతుంది. “పూత లేచిపోతే ఇంకోటి కూడా జరుగుతుంది.” ఫిల్మ్‌ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అద్దంలా ఏటవాలుగా వంచాను. “ఇన్‌స్పెక్టరుగారూ, ఇలా రండి. గీతుంటే పైన గాడి మెరుస్తుంది. మీ కళ్ళతో మీరే చూడండి. అటూ ఇటూ తిప్పి చూడండి.”

ఆయన తిప్పాడు. బోర్లా తిప్పాడు. గోటితో సుతారంగా తడిమాడు. పైపూత నున్నగా ఉంది, ఒక్క గాటు లేదు.

“వేలి లోపల ఇనుప ముక్క ఉంది,” అన్నాడు చివరికి తనలో తను అనుకుంటున్నట్టు. “విరిగిన సూదిలా ఉంది.”

నా వెనక ఏదో కిందపడ్డ చప్పుడైంది. ఆ పిల్ల పేషెంటు కుర్చీని పట్టుకుని నిలబడి ఉంది. చేతిసంచీ నేలమీద ఉంది.

“ఏమ్మా?”

“చూడనివ్వక్కా.”

భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూసింది. తరవాత భూతద్దం తీయకుండానే మాట్లాడింది.

“దళసరి పుస్తకం కుడుతుంటే సూది విరిగింది. ఎడమచేతి చూపుడువేల్లో మొన ఉండిపోయింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. తీయించుకో బాబాయ్ అంటే నవ్వాడు. ఉండనీవే, నాతోపాటు పోతుందిలే అన్నాడు.”

ఆమె నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

“బాబాయి వెళ్ళిపోయాడని బావగారు మాతో అనడానికి ముందురోజు సాయంత్రం, బాబాయే నాతో చెప్పాడక్కా. పన్ను నొప్పి అంటే బావగారే తన స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్ళారట, ఎక్స్‌రే కూడా తీయించారట. రూపాయి తీసుకోలేదట. మీ బావ దేవుడే అమ్మాయ్ అన్నాడు. నేనా మాట మరిచేపోయాను. చెప్పకుండా పోయాడన్న కోపంలో అంతా మరిచిపోయాను. వారంనుంచి నేను బాబాయిని తిట్టుకుంటున్నాను.”

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. డాక్టరుతో అన్నాను, “ఏడాది కిందటి ఫిల్మ్ కాదిది. ఆయన్ని కూర్చోబెట్టి తీశారు, పంపించేశారు. కడిగి చూసుకునేసరికి వేలు కనబడింది. ఇంకోటి తీద్దామంటే అప్పటికి మనిషే లేడు. ఉన్న ఒక్క ఫిల్మ్ ఇదే, అందుకని టేపు వేశారు. అవునా?”

డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు.

“శవం బైండరుది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు అన్నాడు. “అయితే ఓనరు...”

“చచ్చిపోలేదు. బీమా డబ్బు పెళ్ళానికి, నేరం తమ్ముడికి, ప్రాణం తనకి.”

ఆయన ఫోన్ తీశాడు. “మార్చురీనా? అప్పగింత ఆపండి. కాగితాల మీద సంతకం అయినా సరే, ఆపండి. ఆవిడ ఏడ్చినా ఆపండి. శవం కదలకూడదు.” ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. ధన్యవాదాలు చెప్పే మనిషి కాదు, చెప్పలేదు. “వాడెక్కడున్నాడు?” అని అడిగాడు. నాకు అదే చాలు.

“దూరం పోలేదు. డార్క్‌రూములో ఆ ఫిల్మ్ ఇంకా కారుతోంది. గిన్నె తడిగా ఉంది, దూదికి రక్తం ఉంది. ఇందాక ఈ కుర్చీలో ఎవరికో మత్తిచ్చి పన్ను నరం తీస్తున్నారు. మీ ఫోన్ రాగానే సగంలో లేపి పంపేశారు. మూసిన క్లినిక్‌లో దొంగచాటుగా పన్ను బాగుచేయించుకోవలసిన అవసరం ఎవరికుంటుంది?”

సరిగ్గా అప్పుడే బల్ల మీదున్న ఆయన సెల్‌ఫోన్ మోగింది. పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది.

ఇన్‌స్పెక్టరు పెదవుల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో డాక్టరు మెడ వెనక పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించాడు. స్పీకరు తనే నొక్కాడు.

“జీపు వెళ్ళిపోయి ఇంతసేపైంది, ఫోన్ చెయ్యవేంరా?” అవతలి గొంతు ముద్దముద్దగా ఉంది, ఒక బుగ్గ వాచినవాడి గొంతు. “ఎదురు మేడ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నువ్విచ్చిన మత్తు అప్పుడే దిగిపోతోంది. దవడ పగిలిపోతోంది నాకు.”

ఆ పిల్ల చేత్తో నోరు మూసుకుంది. నా వైపు చూసి పెదవులు మాత్రం కదిపింది. బావగారు.

ఇన్‌స్పెక్టరు డాక్టరు మెడ నొక్కాడు. “ఊఁ... వెళ్ళిపోయారు,” అన్నాడు డాక్టరు.

“ఫిల్మ్ అడిగారా?”

“చూశారు. వెళ్ళిపోయారు.”

“మంచిది. ఇంకొక్క పని మిగిలింది. మా తమ్ముడి పెళ్ళాం. ఆ బైండరు ముసలాడి పన్ను సంగతి దానికి తెలుసు. వాడే వాగేశానని నాతో చెప్పాడు. ఎప్పుడో ఒకప్పుడు అది అన్నీ కలిపి చూసుకుంటుంది. చీకటి పడ్డాక దాని సంగతి చూస్తాను. ముందు ఈ పన్ను సంగతి చూడు. తలుపు తీసిపెట్టు, వస్తున్నా.”

ఫోన్ తెగింది.

ఇన్‌స్పెక్టరు డాక్టరుని డార్క్‌రూములోకి తోసి గడియ పెట్టాడు. తుపాకీ తీసుకుని తలుపు వెనక గోడకి ఆనుకున్నాడు. “మీరిద్దరూ లోపలికి పొండి,” అన్నాడు గుసగుసగా.

“వాడి చేతిలో ఏముందో తెలియదు. డాక్టరుని గుమ్మంలో నిలబెడితే సైగ చేసేస్తాడు, డాక్టరు కాక మనం తీస్తే వాడు మెట్ల మీదనుంచే పారిపోతాడు. మీ జీపు కూడా లేదు,” అన్నాను.

“నేను తీస్తాను,” అంది ఆ పిల్ల.

“నీకేమైనా పిచ్చా? నిన్ను చంపుతానని చెప్పినవాడే వస్తున్నది.”

“అందుకే అక్కా. నన్ను చూస్తే పారిపోడు, లోపలికొస్తాడు.”

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. ఎక్స్‌రే మిషను పక్కన కొక్కేనికి సీసం రేకు కుట్టిన బరువైన ఆప్రాన్ వేలాడుతోంది, కిరణాలు ఒంటికి తగలకుండా పేషెంటుకి తొడిగేది. అది తీసి ఆమె మెడలో వేసి, వెనక గట్టిగా ముడి వేశాను. కిరణాల్ని ఆపుతుందని నాకు తెలుసు. కత్తిని ఎంతవరకు ఆపుతుందో నేనెప్పుడూ చూడలేదు. ఫిల్మ్‌ని నా జాకెట్టు లోపల దాచుకుని, కుర్చీ పక్కనున్న ఇనుప స్టూలు కాలు పట్టుకుని నిలబడ్డాను.

సందులోంచి మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. తొందరలేని అడుగులు. చచ్చిపోయిన మనిషికి ఇంక భయమేముంటుంది? తలుపు దగ్గర ఆగాయి. రెండుసార్లు మెల్లగా తట్టిన చప్పుడు.

ఆమె గడియ తీసింది. గుమ్మంలో ఒక బుగ్గ గుమ్మడికాయలా వాచిన మనిషి, మూతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. గుడ్డని పట్టుకున్న ఎడమచేతికి చూపుడువేలు సగమే ఉంది. ఆమెను చూసి కొయ్యబారిపోయాడు. కుడిచెయ్యి జేబులోకి పోయింది.

ఆమె కదల్లేదు. పక్కకి జరిగి, వాల్చిన కుర్చీని చేత్తో చూపించింది.

“రండి బావగారూ,” అంది. “బాబాయిని కూర్చోబెట్టిన కుర్చీయే. కూర్చోండి.”